గోత్రం అడగని నీళ్ళు

మహాలయ అమావాస్య నాడు తిరుపతి కపిలతీర్థానికి పోయి చూడండి. తెల్లవారకముందే జనం వరసలుగా కూర్చుని ఉంటారు. తండ్రికి, తాతకు, ముత్తాతకు నీళ్ళు వదిలేదాకా అందరూ బుద్ధిగానే ఉంటారు. అమ్మవైపు వాళ్ళ దగ్గరికి వచ్చేసరికి చూపు ఫోను మీదికి పోతుంది. ఇక ఆఖరుకు సగంమంది పవిత్రం, అదే దర్భ ఉంగరం, వేలినుంచి లాగేసి, పంచె దులుపుకుని లేచి నిలబడతారు. పురోహితుడికీ వెనక ఇంకో వరస కాచుకుని ఉంటుంది. ఆ తొందరలో అందరూ కలిసి మింగేసేది ఈ శ్లోకాన్ని:

యేషాం న మాతా న పితా న బంధుర్నాన్యగోత్రిణః ।
తే సర్వే తృప్తిమాయాంతు మయోత్సృష్టైః కుశోదకైః ॥

తల్లి లేనివాళ్ళు, తండ్రి లేనివాళ్ళు, నా అనేవాళ్ళు ఒక్కరూ లేనివాళ్ళు, అంతా నేను వదిలే ఈ దర్భనీళ్ళతో తృప్తి పొందాలి. నాకు తర్పణం మొత్తానికీ ప్రాణం ఈ శ్లోకమే. దీన్ని ఎగరగొట్టేవాళ్ళను చూస్తే కడుపు మండుతుంది.

అంతదాకా ప్రతి దోసిలికీ వివరం కావాలి. ఏ గోత్రం, ఏం పేరు, వసురూపమా, రుద్రరూపమా, ఆదిత్యరూపమా, అన్నీ చెబితేగానీ నీళ్ళు వదలం. తాతమ్మ పేరు గుర్తురాక అక్కడినుంచే ఊరికి ఫోను చేసి కనుక్కునేవాళ్ళున్నారు. ఈ ఒక్కచోట మాత్రం శాస్త్రం ఏమీ అడగదు. పేరు వద్దు, గోత్రం వద్దు, నీకేమవుతారన్నదీ వద్దు. ఎవరూ లేనివాళ్ళైతే చాలు.

ఈ మహాలయ పక్షానికి పెద్దలు చెప్పే కథ కూడా అట్లాంటివాడిదే. కర్ణుడు పైలోకానికి పోతే తినబోయిందంతా బంగారమైందనీ, అన్నం పెట్టి రమ్మని ఈ పదిహేను రోజులకు కిందికి పంపారనీ అందరం విన్నదే. అన్నదానం గొప్పదని చెప్పి అక్కడ ఆపేస్తాం. అసలు అతను పితరులకు ఎందుకు పెట్టలేదు? ఎవరికి పెట్టాలో తెలియక. పెట్టెలో పడుకోబెట్టి అశ్వనదిలో వదిలేసిన బిడ్డ అతను. అధిరథుడూ రాధా కన్నబిడ్డలాగే పెంచారు, వాళ్ళకు దండం పెట్టాలి. అయినా విద్యాప్రదర్శన నాడు నిండుసభలో కృపాచార్యుడు నీ తల్లిదండ్రులెవరు, నీ వంశమేదని అడిగితే తలవంచుకోవలసి వచ్చింది. యుద్ధం ముగిసి, గంగ ఒడ్డున పోయినవాళ్ళందరికీ నీళ్ళు వదిలే వేళ గానీ కుంతి నోరు విప్పలేదు. కర్ణుడికీ వదలండి, అతను మీ అన్న అంది. బతికున్నన్నాళ్ళూ దొరకని ఇల్లు అతనికి తిలోదకాల దగ్గర దొరికింది! స్త్రీపర్వంలో ఆ ఘట్టం వస్తే నేను ముందుకు చదవలేను.

మా అమ్మాయి అడిగిందీ ఇదే. డిగ్రీ చదివేటప్పుడు ఒక మహాలయానికి నా వెంట వచ్చి, మెట్లమీద కూర్చుని అంతా విన్నది. ఇంటికి వస్తూ, "ఈ శ్లోకం పోయినోళ్ళకేనా నాన్నా, ఉన్నోళ్ళకు పనికిరాదా?" అంది. జవాబు నన్ను చెప్పనివ్వలేదు, తనే చేసి చూపించింది. ఉద్యోగం చేసుకుంటూనే సాయంత్రమైతే రైల్వే స్టేషన్లో, యాత్రికులు దిగే విష్ణునివాసం ముందర, బస్టాండులో తిరిగేది.

తిరుపతికి పోతే అన్నానికి లోటుండదని ఎక్కడెక్కడి పిల్లలకో ఎట్లా తెలుస్తుందో! కొండమీద 1985 నుంచి స్వామి నిత్యాన్నదానం జరుగుతూనే ఉంది, నిజమే. ఇంట్లో దెబ్బలకు తాళలేక రైలెక్కిన పిల్లవాడు అందాకా చేరాలి గదా. ప్లాట్‌ఫారం దాటకముందే మత్తుకు పీల్చమని వైట్‌నర్ తడిపిన గుడ్డ చేతికిచ్చేవాళ్ళు ఉంటారు.

మా అమ్మాయి భుజాన సంచీలో బన్నులు, దువ్వెన, నెయిల్ కట్టర్, పుండ్లకు పూసే మందు ఉండేవి. బన్ను చేతిలో పెట్టి, వాడు తింటుంటే రెండో చేతి గోళ్ళు తీసేది. పేరు అడిగేది కాదు. ఒకడు, గుండుకు పూసిన గంధం ఇంకా ఆరలేదు, తిన్నాక తనంతట తనే గోవిందు అని చెప్పాడట. ఊరేదంటే "రైలు" అన్నాడట. బాలల సంక్షేమ సమితికి ఇవ్వాల్సిన కాగితం ముందేసుకుని, తండ్రి పేరు రాసే గడి దగ్గర ఆ రాత్రి చాలాసేపు ఆగిపోయింది. "ఖాళీగా వదల్లేను నాన్నా" అంది.

2021 మేలో కరోనా తనను తీసుకుపోయింది. పెళ్ళి కాలేదు, నా గోత్రంతోనే పోయింది. ఏ తండ్రికీ ఈ రాత వద్దు. తర్పణంలో 'దుహితరం', అంటే కూతురిని, అన్నచోట నాకు గొంతు పెగలదు. శాస్త్రిగారు ఆగుతారు, తొందరపెట్టరు.

మరుసటి ఏడు మహాలయానికి ఒక కుర్రవాడు వెతుక్కుంటూ వచ్చాడు. లీలామహల్ దగ్గర మెకానిక్ షెడ్డులో పని. "సార్, అక్కకు నేనూ నీళ్ళు వదలొచ్చునా?" అన్నాడు. శాస్త్రిగారు గోత్రం అడిగారు. తెలీదన్నాడు. నాయన ఉన్నాడా అంటే, "తెలీదు సామీ." తండ్రి బతికి ఉంటే కొడుకు నువ్వులు ముట్టకూడదు. ఆయన కాసేపు ఆలోచించి, "కాశ్యప గోత్రమని చెప్పుకో నాయనా. నువ్వులొద్దు, ఉత్త నీళ్ళు చాలు" అని, వాడి చెయ్యి పట్టుకుని తనే వదిలించారు. ఆ గోళ్ళ సందుల్లో గ్రీసు నల్లగా ఉంది. శాస్త్రం తెలిసినవాళ్ళు ఇట్లా ఉంటారు.

అందుకే బతిమాలుతున్నాను. రాబోయే మహాలయానికి ఆ శ్లోకం పూర్తయ్యేదాకా లేవకండి. పురోహితుడు మింగేస్తే అడిగి చెప్పించుకోండి. వాళ్ళంతా తృప్తి పొందాలని మీ నోటితో అని, గుడి బయట చెయ్యి చాపిన బిడ్డను కసిరి పోకండి. ఆ వెనకే బ్రహ్మోత్సవాలు వస్తాయి. గరుడసేవ జనంలోనైనా, బస్టాండులోనైనా ఒంటరి పిల్లవాడు కనిపిస్తే ముందు తినడానికేదైనా పెట్టండి. పిల్లల సహాయవాణి 1098కి ఫోను చేయండి, రాత్రిపూటైనా పలుకుతారు. జాలిపడి ఇంటికి మాత్రం తీసుకుపోవద్దు, 24 గంటల్లోగా సమితి ముందుకు తీసుకురావాలని చట్టముంది. వాళ్ళు వచ్చేదాకా పక్కనే ఉండండి. ప్రశ్నలేస్తే పారిపోతాడు. మరీ దగ్గరికి జరక్కుండా, ఒక మనిషి పట్టేంత ఎడంగా కూర్చోండి. మా అమ్మాయి అట్లే కూర్చునేది.