మా మిర్చికి అఫ్లాటాక్సిన్ పరీక్ష: నా అనుభవం

మా పల్నాడులో మిర్చికి ధర కట్టేది రంగు, తేమ, తాలు (రంగు పోయి తెల్లబడిన నాసి కాయ) చూసి. బూజు విషం సంగతి మా రైతు సంఘం దాకా వచ్చింది యూరప్‌కి సరుకు పంపే ఒక ఎగుమతిదారు వల్ల. "కాయ బాగుంది. అఫ్లాటాక్సిన్ రిపోర్టు తెండి, తర్వాత ధర మాట్లాడదాం" అన్నాడాయన. ఆ రిపోర్టు తెచ్చే పని నా మీద పడింది.

అఫ్లాటాక్సిన్ అంటే ఆస్పర్‌జిల్లస్ అనే బూజు తయారుచేసే విషం. అందులో బి1 రకం కాలేయ క్యాన్సర్ తెస్తుంది. మిర్చిలో అది కిలోకి 5 మైక్రోగ్రాములు దాటకూడదని, అన్ని రకాలూ కలిపి 10 దాటకూడదని యూరప్ హద్దు. మన దేశంలో మసాలా దినుసులకి ఆ హద్దులు 15, 30. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. కంటికి కనపడదు, వాసనకి తెలీదు, తాలింపు వేడికీ పూర్తిగా పోదు.

అన్నిటికన్నా కష్టం శాంపిల్ తీయడం. విషం రాశంతా ఒకేలా ఉండదు. ఒక బస్తాలో నాలుగు కాయల్లో గట్టిగా ఉండి, పక్క బస్తాలో అసలు లేకపోవచ్చు. అందుకని ఎన్నో బస్తాల్లోంచి పైనా, మధ్యలో, అడుగునా కొంచెం కొంచెం తీసి, అంతా కలిపి పొడి పట్టించి, అందులోంచి ల్యాబుకి ఇవ్వాలి. బస్తా మూతి దగ్గర రెండు గుప్పెళ్లు తీసి పంపితే వచ్చే రిపోర్టుకి నా లెక్కలో విలువ లేదు.

రిపోర్టులో బి1 కిలోకి 8 మైక్రోగ్రాములు దాటింది. చాలా టెన్షన్ పడ్డాం. ల్యాబులో ఒకమ్మాయి ఓపిగ్గా చెప్పింది: "కాయని చీల్చి చూడండి సార్, పైన చూస్తే తెలీదు." కల్లంలో కూర్చుని చీల్చాం. పైకి ఎర్రగా నిగనిగలాడే కాయల్లోనే కొన్నిట్లో గింజల చుట్టూ పచ్చటి బూజు కనిపించింది.

తేమ ఎక్కడ తగిలిందో ఒక్కొక్క రైతునీ అడుగుతూ వెళ్లాం. మార్చిలో పడిన అకాల వానకి పట్టా కప్పి, తెరిపి ఇచ్చాక కూడా తీయకపోవడంతో లోపల చెమర్చిన రాశులు కొన్ని. కాయని బస్తాల్లో తొక్కి నింపే ముందు నీళ్లు చల్లడం ఇంకోటి. మా బాబాయ్ దీని మీద గట్టిగానే వాదించాడు.

"చల్లకపోతే కాయ విరిగిపోద్దిరా. విరిగిన కాయ ఎవడు కొంటాడు?"

"చల్లిన తేమ బస్తాలోనే ఉండిపోతుంది బాబాయ్. బూజుకి కావాల్సింది అదే."

ఆయన భయంలో న్యాయం ఉంది. విరిగిన కాయకి నష్టపోయేది రైతే. చివరికి నీళ్ల జోలికి పోకుండా, పొద్దున్నే కాయ కాస్త మెత్తగా ఉన్నప్పుడు తొక్కుదామని ఒప్పుకున్నాం. తేమ 10, 11 శాతానికి దిగిందో లేదో చూడటానికి సంఘం ఒక మీటరు కొన్నది.

వాన తగిలిన బస్తాలన్నీ విప్పి మళ్లీ ఏరించాం. ఏరడానికి వచ్చిన ఆడవాళ్ల చేతి నేర్పు వల్లే ఈ సరుకు నిలబడింది. బరువు తేడాగా ఉన్న కాయని వాళ్లు పట్టుకోగానే గుర్తుపట్టేవారు. బూజు కాయల్ని గోతిలో పూడ్చేశాం. మళ్లీ తీసిన శాంపిల్ యూరప్ హద్దు లోపలే వచ్చింది.

నన్ను బాధపెట్టింది వేరే సంగతి. 8 వచ్చిన ఆ మొదటి సరుకు మన చట్టం ప్రకారం అమ్ముకోవచ్చు. మార్కెట్ యార్డులో ఎవరూ రిపోర్టు అడగరు కూడా. తాలంతా విషమని నేననను, కానీ బూజు కాయలు ఎక్కువగా కలిసేది దాంట్లోనే. అది తక్కువ ధరకి పోయి కారప్పొడిలో కలుస్తుంది. యూరప్‌లో తినేవాడి కాలేయం, మన పిల్లల కాలేయం వేరా? 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని 106 మంది చనిపోయారు. దాని మీద పరిశోధన చేసింది మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్లే. అంటే ఈ సంగతి మనకి తెలియక కాదు.

మా సంఘంలో ఇప్పుడు తాలు విడిగా ఏరి, అందులో బూజు కాయ తీసేశాకే అమ్ముతున్నాం. ఆ కూలి ఖర్చు ఇంకా మాకు ధరలో తిరిగి రావడం లేదు. దాని గురించి కారం మిల్లుల వాళ్లతో మాట్లాడుతున్నాం.