సౌండ్ డిజైన్ అవార్డుకి ఎంట్రీ పంపడం: నా అనుభవం

నాటకాల అవార్డుకి సెట్ డిజైనర్ నాలుగు మంచి ఫొటోలు జతచేస్తే జ్యూరీకి సగం సంగతి అర్థమైపోతుంది. సౌండ్ వాళ్లకి ఆ సుఖం లేదు. పని బాగా కుదిరినచోట ప్రేక్షకుడికి నటుడి మాటే వినిపిస్తుంది, దాని వెనకున్న స్పీకర్లు గుర్తుకే రావు. అందుకే ఎంట్రీ రాసేటప్పుడు నేను మొదట తేల్చుకునేది ఒక్కటే: సౌండ్ గురించి తెలియని జ్యూరీ సభ్యుడు ఎక్కడ చెవి పెట్టాలి?

ఇది ఊరికే పుట్టిన భయం కాదు. అమెరికాలో బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ అవార్డుల్లో సౌండ్ డిజైన్ విభాగాలు 2008లో మొదలయ్యాయి, నాటకానికి ఒకటి, మ్యూజికల్‌కి ఒకటి. 2014 వేడుక తర్వాత రెండింటినీ ఎత్తేశారు. సౌండ్‌ని ఎలా అంచనా వేయాలో ఓటర్లలో చాలామందికి తెలియదన్న మాట అప్పట్లో గట్టిగా వినిపించింది. 2018లో తిరిగి తెచ్చినప్పుడు ఆ రంగం తెలిసిన ఓటర్లకే ఓటు పరిమితం చేశారు. ఆ విభాగాలు లేని మధ్యకాలంలో, 2017లో, ‘ది ఎన్‌కౌంటర్’ నాటకానికి గారెత్ ఫ్రై, పీట్ మాల్కిన్‌లకి ప్రత్యేక టోనీ ఇచ్చారు. ప్రతి ప్రేక్షకుడికీ హెడ్‌ఫోన్లు ఇచ్చి, తల ఆకారపు మైకుతో (చెవుల చోట మైకులున్న బొమ్మ తల) నడిపిన నాటకం అది. సౌండ్ అంతలా ముందుకొచ్చి నిలబడితే ఎవరికైనా తెలుస్తుంది. మిగతావాళ్లం విప్పి చెప్పుకోవాల్సిందే.

నిబంధనల్లో ముందు చూసేవి మూడు: ప్రదర్శన ఏ తేదీల మధ్య మొదలై ఉండాలి, కనీసం ఎన్ని ఆటలు ఆడి ఉండాలి, ఎంట్రీ ఎవరు పంపాలి (చాలాచోట్ల నిర్మాతే పంపాలి). ఆ తర్వాత పేర్లు. సంగీతం ఒకరు, సౌండ్ డిజైన్ ఒకరు, అసోసియేట్ మరొకరు, ఆటకి మిక్సర్ దగ్గర కూర్చునేది ఇంకొకరు. ప్రోగ్రాం పుస్తకంలో ఒకలా, ఫారంలో మరోలా ఉంటే ఎంట్రీ అక్కడే ఇరుక్కుంటుంది. ఈ లెక్క మొదటి ప్రదర్శనకి ముందే, పుస్తకం అచ్చుకి వెళ్లకముందే తేల్చుకోవాలి. నామినేషన్ వచ్చాక తేల్చుకుందామంటే స్నేహాలు చెడతాయి.

డిజైనర్ నివేదికని నేను 400 మాటలు దాటనివ్వను. ‘వాతావరణం సృష్టించాం’, ‘భావోద్వేగానికి పెద్దపీట వేశాం’ లాంటి వాక్యాలు కొట్టేయండి. ఒక ఇబ్బంది, దానికి తీసుకున్న నిర్ణయం, వినేవాడికి కలిగిన ఫలితం, ఈ వరసలో రెండు మూడు చాలు. ఉదాహరణకి, బాల్కనీ కింది సీట్లలో మాట తేలిపోతోంది. అక్కడ చిన్న స్పీకర్లు పెట్టాం. స్టేజీ నుంచి సీటుకి 22 మీటర్లు, స్పీకర్ నుంచి 4 మీటర్లు, తేడా 18. ధ్వని మీటరుకి సుమారు 2.9 మిల్లీసెకన్లు తీసుకుంటుంది కాబట్టి చిన్న స్పీకర్లలో మాటని ఆపి వదలాల్సిన ఆలస్యం (డిలే) 52 మిల్లీసెకన్లు. దానికి మరో 10 కలిపితే స్టేజీ ధ్వని ముందుగా చేరి, మాట నటుడి నోటినుంచే వస్తున్నట్టు చెవి నమ్ముతుంది. డిలే పెట్టకపోతే గొంతు సీలింగులోంచి ఊడిపడుతుంది, వెనకాలే స్టేజీ ధ్వని ప్రతిధ్వనిలా తగులుతుంది. అంకెలు కొరుకుడు పడకపోయినా ఈ చివరి వాక్యం ఎవరికైనా అర్థమవుతుంది. ‘బాల్కనీ కింద కూర్చుని వినండి’ అని చెప్పే హక్కు కూడా మనకి వస్తుంది.

క్యూ షీట్ (ఏ ధ్వని ఎప్పుడు రావాలో రాసుకున్న పట్టిక) మొత్తం పంపకండి, రెండొందల క్యూలు ఎవరూ చదవరు. ఎనిమిదో పదో ఏరి, ఒక్కోదానికి స్క్రిప్ట్ పేజీ, ఏ మాట మీద మొదలవుతుంది, ఏ స్పీకర్లలోంచి, ఎన్ని సెకన్లలో తగ్గుతుంది, ఎందుకు అన్నవి రాయండి. చివరి గడి ఖాళీగా ఉంటే ఆ క్యూ తీసేయడమే మంచిది. స్పీకర్ల పటం ఒక పేజీ, పైనుంచి చూసినట్టు.

ఎక్కువ ఎంట్రీలు దెబ్బతినేది రికార్డింగు దగ్గర. మిక్సర్ నుంచి నేరుగా తీసినదాంట్లో హాలు ఉండదు, మైకు లేకుండా చేరిన సహజమైన గొంతూ ఉండదు. హాల్లో మైకులతో మాత్రమే తీస్తే దగ్గులూ ఏసీ మోతా. రెండూ తీసి కలపాలి. హాలు మైకులు స్టేజీకి 15 మీటర్ల దూరంలో ఉంటే ఆ ట్రాక్ దాదాపు 44 మిల్లీసెకన్లు వెనకబడి ఉంటుంది. ఎడిటింగ్‌లో అంతమేర ముందుకి జరపకపోతే ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది. రికార్డర్ సెట్టింగులు: 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, పీక్ (అన్నిటికంటే గట్టిగా వచ్చే ధ్వని) మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర. కెమెరాలో ఆటో గెయిన్ (ధ్వని స్థాయిని తనంతట తనే పెంచి తగ్గించే ఏర్పాటు) ఆపేయాలి, లేకపోతే మనం కష్టపడి తెచ్చిన నిశ్శబ్దాన్ని అది పైకి లాగి పాడుచేస్తుంది. కెమెరా, రికార్డర్ వేర్వేరు గడియారాల మీద నడుస్తాయి. పది లక్షల్లో 20 వంతుల తేడా ఉన్నా రెండు గంటల్లో 144 మిల్లీసెకన్లు జారుతుంది, పెదవులకీ మాటకీ పొత్తు తప్పుతుంది. మొదట్లోనూ చివరా ఒక్కోసారి చప్పట కొట్టి రికార్డు చేసుకుంటే సరిచేయడం తేలిక. ఖాళీ హాల్లో రికార్డు చేస్తే ధ్వని ఎక్కువసేపు మోగుతుంది, ప్రేక్షకులున్న రోజే తీయండి.

చుట్టూరా స్పీకర్లతో చేసిన పనిని స్టీరియోకి కుదిస్తే వెనకనుంచి వచ్చేదంతా ముందుకొచ్చి కూలబడుతుంది. మంచి సీట్లో తల ఆకారపు మైకు పెట్టి తీసిన క్లిప్ ఒకటి వేరుగా ఇచ్చి, హెడ్‌ఫోన్లతోనే వినమని పైనే రాయాలి. సబ్‌వూఫర్ (బాగా లోతైన ధ్వనులిచ్చే స్పీకర్) మీద ఆధారపడ్డ ఉరుముల్ని క్లిప్‌గా ఎంచుకోకండి. లాప్‌టాప్ స్పీకర్లో 100 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ మిగలదు. నేనైతే అన్నిటికంటే నెమ్మదైన దృశ్యాన్ని ముందు పెడతాను. చెవి అలిసిపోకముందే దాన్ని వినాలి.

పాటలకి ప్రదర్శన హక్కు ఉన్నంత మాత్రాన రికార్డు చేసి పంపే హక్కు ఉన్నట్టు కాదు. రచయిత, నటీనటుల అనుమతి కూడా రాతలో ఉండాలి. లింకుకి పాస్‌వర్డ్ పెట్టండి. ఆ లింకు గడువు మాత్రం ఫలితాలు వెలువడే తేదీ దాటేలా చూసుకోండి.

జ్యూరీ నేరుగా వచ్చి చూసే అవార్డయితే టికెట్లు ఇచ్చేవాళ్లతో సీట్ల సంగతి ముందే మాట్లాడుకోవాలి. మొదటి వరసలో ప్రధాన స్పీకర్ల ధ్వని తల మీదుగా పోతుంది, గోడవారన ఒక పక్కే వినిపిస్తుంది. ఆ రోజు మిక్స్ మార్చకూడదు, ఆపరేటర్ని అసలే మార్చకూడదు. కొత్త బ్యాటరీలు, ప్రధాన పాత్రలకి రెండో మైకు, అంతే.