బ్లూ డస్ట్ సాంద్రత కొలిచిన నా అనుభవం

ఉస్మానియాలో జియోఫిజిక్స్ చదివి తార్నాకలోని ఒక చిన్న సంస్థలో చేరిన నాకు మొదట అప్పగించిన పని, దక్షిణ ఛత్తీస్‌గఢ్‌లోని ఒక ఇనుప ఖనిజ బ్లాకులో వేసిన బోర్ల లాగ్‌లను, అంటే లోతు వెంట తీసిన కొలతల గీతలను, సరిచూడడం. బైలడిల్లా కొండల్లో మాదిరిగానే అక్కడ కూడా బ్లూ డస్ట్ అనే పొడి హెమటైట్ (ఇనుప ఖనిజం) ఉంది. పిడికిట్లో నిలవని ఆ పొడి డ్రిల్లింగ్ నీటితో పాటే కొట్టుకుపోవడం వల్ల కోర్ (బోరు నుంచి తీసిన రాతి కడ్డీ) దాచే పెట్టెలో కొన్ని గట్టి ముక్కలే మిగులుతాయి. వాటికి మైనం పూసి నీటిలో తూచితే తేలేది ఆ ముక్కల సాంద్రతే గాని పొర మొత్తానిది కాదు. ఘనపరిమాణాన్ని సాంద్రతతో గుణించే టన్నుల లెక్క కడతాం కనుక ఈ తేడా నిక్షేపం అంచనా అంతటికీ పాకుతుంది.

అందుకే పొరను బోరులోనే కొలవాలి. బోరులోకి దించే సాంద్రత కొలిచే పరికరమైన డెన్సిటీ ప్రోబ్‌లోని రేడియోధార్మిక సీసియం-137 వెలువరించే గామా కిరణాలు రాతిలో చెదిరి డిటెక్టర్లను చేరుతాయి. రాతి సాంద్రత పెరిగేకొద్దీ చేరేవి తగ్గుతాయి. రేడియోధార్మిక మూలం బోరులో ఇరుక్కుపోతే ఎంత ప్రమాదమో తెలిసిన మా సీనియర్, ముందుగా మూలం లేని డమ్మీ ప్రోబ్ అడుగు దాకా దిగి వస్తే తప్ప అసలు ప్రోబ్‌ను దించనిచ్చేవారు కాదు. ఆ పట్టుదల ఎంత అవసరమో వదులు నేలలో వేసిన బోర్లను చూశాక నాకు బాగా అర్థమైంది.

హైదరాబాదుకు తిరిగివచ్చి లాగ్‌లు పరచుకున్నప్పుడు, ఒక బోరులో 61 మీటర్ల దగ్గర సాంద్రత ఘన సెంటీమీటరుకు 3.9 గ్రాముల నుంచి 2.5కు పడిపోవడం చూసి, అది షేల్ (బంకమట్టి గట్టిపడిన రాయి) పొర అని గుర్తు పెట్టేశాను. మా సీనియర్ ఆ గీతను చూసి, "గామా చూశావా అమ్మా?" అని మాత్రం అడిగారు. షేల్‌లోని బంకమట్టి వల్ల, రాయి తనంతట తానే వెలువరించే సహజ గామా పెరగాలి. ఇక్కడ అది కదలనే లేదు. బోరు వెడల్పును కొలిచే కాలిపర్ గీత తీసి చూస్తే, 96 మిల్లీమీటర్లు ఉండాల్సిన బోరు అక్కడ 150కి వెడల్పయింది. గోడ కూలిపోగా ఏర్పడిన ఖాళీలోని నీటిని మేము రాయిగా కొలిచాం.

అప్పటినుంచి ప్రతి బోరుకూ మొదట కాలిపర్, తరువాత గామా, చివరికి సాంద్రత చూస్తున్నాను. గామా శిఖరాలను కోర్‌లోని షేల్ పట్టీలతో జతపరిస్తే, పోయిన కోర్‌ను ఏ లోతు దగ్గర లెక్కలో వేశారో కూడా బయటపడుతుంది. ఒకచోట దాదాపు మీటరు తేడా దొరికింది. ప్రోబ్ చెప్పేది తేమతో కూడిన సాంద్రత కాబట్టి, పాలిథీన్‌లో గట్టిగా చుట్టి తెచ్చిన నమూనాల తేమను ఆరబెట్టి తూచి దాన్నుంచి తగ్గించాం.

గోడ కూలిన ఆ మూడు మీటర్లకు మాత్రం సాంద్రత గడిని ఖాళీగానే ఉంచి, పక్కన, వదులు కోర్‌ను చెదరకుండా పట్టి ఉంచే ట్రిపుల్ ట్యూబ్ బ్యారెల్‌తో మరో బోరు వేయాలని నివేదికలో రాశాను.