ముసలాయన చేతిలో లాంతరు, గుడి మీద ఆకాశదీపం

జోస్యం చెప్పడానికి వాడే బొమ్మల పేకముక్కలు, టారో కార్డుల్లో తొమ్మిదో నంబరు కార్డు ఎప్పుడైనా చూశారా? మంచు పట్టిన కొండ కొమ్ము మీద ఒక ముసలాయన ఒక్కడే నిలబడి ఉంటాడు. బూడిదరంగు అంగీ, తల మీద ముసుగు, తెల్లటి గడ్డం. ఎడమ చేతిలో పొడవాటి కర్ర, కుడి చేతిలో లాంతరు. తల కాస్త వంచి కిందికి చూస్తుంటాడు. చుట్టూ చెట్టూ లేదు, పిట్టా లేదు, ఇంకో మనిషీ లేడు. ఆ కార్డు పేరు 'ద హెర్మిట్'. మన లెక్కలో ఏకాంతవాసం చేసే ముని అనుకోండి.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఈ కార్డుల సందడి బాగానే ఉంది. రోజుకో కార్డు తీసి చూపించే యాప్‌లున్నాయి, తెలుగులోనే రీడింగ్ చెప్పే యూట్యూబ్ ఛానళ్లున్నాయి. ఈ కార్డు వస్తే చాలామంది గుండె జారిపోతుంది. పెళ్లి కాదేమో, ఉన్న మనిషి దూరమవుతాడేమో అని టెన్షన్. కార్డు జోస్యం చెబుతుందని నేను నమ్మను. కానీ ఆ బొమ్మను పక్కన పెట్టేయడానికీ మనసు ఒప్పలేదు. కార్తీకమాసంలో మనం తలెత్తి దణ్ణం పెట్టుకునే దీపం లాంటిదే ఆయన చేతిలో కనిపించింది నాకు.

అసలు ఈ కార్డులు జోస్యం కోసం పుట్టినవి కావు. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో పేకాట లాంటి ఆట కోసం వచ్చాయి. భవిష్యత్తు చెప్పడానికి వాడటం 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో ఊపందుకుంది. మిలాన్ ప్రభువుల కోసం గీసిన పాత కార్డుల్లో ఈ ముసలాయన చేతిలో లాంతరు లేదు, ఇసుక గడియారం ఉంది. తరవాత దాని స్థానంలో దీపం వచ్చింది. ఇప్పుడు ఎక్కువమంది వాడే బొమ్మ 1909లో లండన్‌లో అచ్చయింది. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ అనే రచయిత చెప్పగా పమేలా కోల్‌మన్ స్మిత్ అనే చిత్రకారిణి గీసింది. వెయిట్ ఈ బొమ్మలో ఒక్క మార్పే చేశానన్నాడు. అంతకుముందు కార్డుల్లో అంగీ అంచు లాంతరును కొంత కప్పేసేది. ఆయన దాన్ని తొలగించాడు. లాంతరు లోపల ఆరు కోణాల నక్షత్రం ఇప్పుడు పూర్తిగా కనిపిస్తుంది. ఈ ముని సత్యం కోసం వెతుక్కుంటూ తిరిగేవాడు కాదని, చేరవలసిన చోటికి చేరినవాడని, 'నేనున్న చోటికి నువ్వూ రావచ్చు' అన్నది ఆ దీపం భావమని కూడా రాశాడు.

ఇది చదివాక నాకు భగవద్గీత ఆరో అధ్యాయం గుర్తొచ్చింది. ఆత్మసంయమ యోగంలో 19వ శ్లోకం ఇది:

యథా దీపో నివాతస్థో నేంగతే సోపమా స్మృతా ।
యోగినో యతచిత్తస్య యుంజతో యోగమాత్మనః ॥

గాలి లేని చోట ఉన్న దీపం ఎలా కదలదో, మనసును అదుపులో పెట్టుకుని ధ్యానంలో ఉన్న యోగి చిత్తం అలా ఉంటుందని భగవానుడు చెబుతున్నాడు. గాలిని ఆగిపొమ్మని ఎవరూ శాసించలేరు. వణకొద్దని దీపాన్ని కోప్పడినా లాభం లేదు. దీపం ఉండే చోటు మార్చాలి. అందుకే అదే అధ్యాయంలో పదో శ్లోకంలో, ఎవరూ లేని చోట ఒంటరిగా కూర్చోమన్నాడు. అక్కడితో ఆపకుండా 'నిరాశీః', 'అపరిగ్రహః' అనే రెండు షరతులూ పెట్టాడు. దేన్నీ ఆశించకూడదు, దేన్నీ పోగు చేసుకోకూడదు. గది తలుపు గడియ పెట్టుకుని, మంచమ్మీద పడుకుని రాత్రి ఒంటిగంట దాకా రీల్స్ చూస్తున్నప్పుడు మన పక్కన మనిషి ఉండడు, నిజమే. కానీ వేలెత్తి జరిపినప్పుడల్లా ఒక ఆశ, ఒక పోలిక, ఒక కోపం పోగవుతూనే ఉంటాయి. తలుపు మూసే ఉంది, దీపం మాత్రం నడి గాలిలో ఉంది.

ఇక ఆకాశదీపం సంగతి. దీపావళి మర్నాడు కార్తీక శుద్ధ పాడ్యమి నుంచి గుళ్లలో దీన్ని ఎత్తడం మొదలుపెడతారు. మా కాలనీ శివాలయంలో ఇందుకో చిన్న ఇత్తడి పాత్ర ఉంది. గుండ్రంగా ఉంటుంది, ఒళ్లంతా చిల్లులు. సాయంత్రం పూజారిగారు మూత తీసి, లోపలి ప్రమిదలో నువ్వుల నూనె పోసి వత్తి వెలిగిస్తారు. గాలికి ఎడమ అరచెయ్యి అడ్డం పెట్టి, కుడిచేత్తో మూత బిగిస్తారు. అప్పుడు భక్తులు ధ్వజస్తంభానికి కట్టిన తాడు అందుకుంటారు. పాత్ర కాస్త ఊగుతూ పైకి పోతుంది. పితృదేవతలకు దారి కనిపించడానికి ఈ దీపం అని పెద్దలు చెబుతారు.

ఆ చిల్లుల గురించి కాస్త ఆలోచించండి. అవి మరీ పెద్దవైతే మొదటి గాలికే దీపం కొండెక్కుతుంది. అసలు చిల్లులే లేకుండా మూసేస్తే వెలుగు బయటికి రాదు సరికదా, గాలి అందక దీపం లోపలే ఆరిపోతుంది. గాలిని ఆపాలి, వెలుగును ఆపకూడదు, ఊపిరి ఆడనివ్వాలి. మనిషికి ఏకాంతం ఎంత కావాలో ఆ పాత్ర చేసిన కంచరికి తెలుసనిపిస్తుంది నాకు.

మా అక్క కూతురు గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తోంది, లేడీస్ హాస్టల్లో ఉంటుంది. రూమ్‌లో ముగ్గురు. ఆఫీసులో పక్కపక్కనే కుర్చీలు. మెట్రోలో నిలబడటానికే చోటుండదు. అయినా "పిన్నీ, నాతో మాట్లాడేవాళ్లే లేరు, పైగా నాకు ఈ కార్డొచ్చింది" అని ఏడ్చింది. నాకు తెలిసి దానికి రెండూ లేవు. మనసు విప్పే తోడూ లేదు, తనతో తాను ఉండే ఒక్క గంటా లేదు. ఈ కార్డు తలకిందులుగా వస్తే వెయిట్ చెప్పిన అర్థాలు దాపరికం, మారువేషం, భయం, అర్థం లేని జాగ్రత్త. చిల్లుల్లేని పాత్ర అంటే అదే. ఎవరికీ చెప్పుకోకుండా, ఎక్కడ నొప్పి తగులుతుందోనని అందరికీ దూరంగా జరిగిపోవడం. దాన్ని వైరాగ్యం అని పిలుచుకోవడం ఇంకా ప్రమాదం.

మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఒక పెద్దావిడ ఉంటారు. భర్త పోయారు, పిల్లలు అమెరికాలో. హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్‌కు వెళ్లినా ఇలాంటి గడప ఒకటి ఉంటుంది. ఆవిడ తెల్లవారుజామున లేచి జపానికి కూర్చుంటారు. అప్పుడు కాలింగ్ బెల్ కొట్టినా తియ్యరు, పిల్లల ఫోన్ వచ్చినా ఎత్తరు. సాయంత్రం దీపాల వేళకు మాత్రం తలుపు బార్లా తీసి ఉంటుంది. గడప బయట చిన్నచిన్న చెప్పులు. లోపల పిల్లలు చాప మీద కూర్చుని 'శుక్లాంబరధరం' వల్లె వేస్తుంటారు. వెళ్లేటప్పుడు దోసిట్లో పుట్నాలు, బెల్లం ముక్క. ఓసారి నా ఫోన్లో ఈ కార్డు చూపించాను. కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసి, "అమ్మాయ్, తన దారి కోసమే అయితే లాంతరు మోకాళ్ల దగ్గర పట్టుకుంటాడుగా, అడుగు కనపడాలి కదా. అంత పైకెందుకు ఎత్తాడు?" అన్నారు. వెయిట్ పేరు కూడా ఆవిడకు తెలియదు.

కార్తీక పౌర్ణమి నాడు దీపం వెలిగించి చదివే శ్లోకం 'కీటాః పతంగాః మశకాశ్చ వృక్షాః' అని మొదలవుతుంది. పురుగులు, మిడతలు, దోమలు, చెట్లు, నీటిలోనూ నేల మీదా ఉండే జీవులన్నీ ఈ దీపాన్ని చూసి జన్మ బంధం నుంచి బయటపడాలని దాని సారం. వెలిగించింది ఒక్క చెయ్యే. ఫలం దోమకు కూడా కోరుతున్నాం.

రమణ మహర్షి జీవితమే చూడండి. అరుణాచలం కొండ మీద విరూపాక్ష గుహలో, ఆ తరవాత స్కందాశ్రమంలో కలిపి 1899 నుంచి 1922 దాకా ఉన్నారు. 1922లో తల్లి పోయాక ఆమె సమాధి దగ్గరికి కిందికి దిగి వచ్చి, 1950లో దేహం విడిచేదాకా వచ్చేపోయేవాళ్ల మధ్యే కూర్చున్నారు. మన నాగార్జునసాగర్ రోడ్డులోని ధమ్మఖేత్త విపశ్యన ధ్యాన కేంద్రంలో 10 రోజుల శిబిరాలు జరుగుతాయి. మొదటి తొమ్మిది రోజులూ మౌనం. పదో రోజు మౌనం విప్పిస్తారు. సకల ప్రాణులూ సుఖంగా ఉండాలని కోరుకునే మైత్రీ భావన నేర్పేదీ ఆ రోజే. గీతలోనూ ఇదే వరస. పదో శ్లోకంలో ఒంటరిగా కూర్చోమన్న కృష్ణుడు 32వ శ్లోకానికి వచ్చేసరికి, ఇతరుల సుఖదుఃఖాలను తనవిగా చూడగలిగినవాడే పరమ యోగి అంటాడు. కాసేపు ధ్యానం చేసి లేచాక, కింద వాచ్‌మన్ దగ్గు మన చెవికి సోకిందా లేదా అన్నది చూసుకోవాలి. ఇంట్లోవాళ్ల మీద విసుగు పెరిగితే ఆ కూర్చోవడంలో ఏదో లోపం ఉంది.

మా అక్క కూతురికి నేను చెప్పింది కూడా ఇంతే. రోజూ సాయంత్రం కాసేపు ఫోన్ బ్యాగులో పెట్టి టెర్రస్ మీద ఒక్కదానివే కూర్చో. లేవగానే ఒక్క మనిషితోనైనా నోరారా మాట్లాడు. తిండీ నిద్రా మానేసి చేసే సాధన యోగం కాదని అదే అధ్యాయంలో 16వ శ్లోకం ఉంది, అది మరిచిపోకు. వారాల తరబడి దిగులు వదలకపోతే, బతకాలనిపించకపోతే మాత్రం దానికి ఏకాంతం మందు కాదు. ఇంట్లోవాళ్లకు చెప్పాలి, డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ హెల్ప్‌లైన్‌కు, 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ఆకాశదీపం పాడ్యమి నుంచి అమావాస్య దాకా నెలంతా ఎత్తుతారు. మీ దగ్గర్లోని గుడిలో ఏ వేళకు ఎత్తుతారో ముందుగా కనుక్కోండి. నువ్వుల నూనె పట్టుకెళితే తీసుకుంటారు. మా గుడిలో తాడు లాగడానికి ఆడవాళ్లనూ పిల్లలనూ పిలుస్తారు, అడిగితే మీ గుడిలోనూ కాదనరనుకుంటాను.