కొవ్వూరు మీద ఉదయించిన చంద్రుడు

గత ఆదివారం సాయంత్రం రాజమహేంద్రవరంలో మా ఫొటోగ్రఫీ క్లబ్బువారి సృజనాత్మక డిజిటల్ చిత్రాల ప్రదర్శన జరిగింది. నా చిత్రాన్ని పదిమంది ముందు తెర మీద పెట్టడం నాకు అదే మొదలు. ఆ వేడి చల్లారకముందే ఇది రాసేస్తున్నాను, ఎందుకంటే ఇంకో వారం ఆగితే నా తప్పులన్నీ ఎదుటివాళ్ల తప్పులుగా మారిపోతాయని నా గురించి నాకు తెలుసు.

సభ్యత్వానికి చందా కట్టి ఒక కాగితం నింపితే సరిపోయింది. ప్రదర్శన నిబంధనలు కూడా నాలుగే. చిత్రంలోని ప్రతి ముక్కా సభ్యుడు స్వయంగా తీసిన ఫొటోలోంచే రావాలి, ఇంటర్నెట్‌లో దొరికినదీ ఏఐ గీసి ఇచ్చినదీ పనికిరావు. వెడల్పు 1920, ఎత్తు 1080 పిక్సెళ్లు దాటకూడదు. ఫైలు రెండు ఎంబీలకు మించకూడదు. రంగులు ఎస్‌ఆర్‌జీబీలో, అంటే మామూలు తెరలన్నీ వాడే రంగుల కొలతలో, ఉండాలి. ఈ నాలుగో నిబంధనను నేను చదివాను గానీ పట్టించుకోలేదు.

కార్యదర్శి గారు నా ఫైలును మూడుసార్లు తిప్పి పంపారు. ఒకసారి పేరులో ఖాళీ ఉందన్నారు, ఇంకోసారి వెడల్పు 1921 పిక్సెళ్లు ఉందన్నారు, మూడోసారి వరుస సంఖ్య ముందు సున్నా లేదన్నారు. ముప్పై రెండేళ్లు బ్యాంకులో పనిచేసి ఎన్నో చెక్కులు వెనక్కి పంపినవాణ్ణి, కానీ అంత తృప్తిగా మాత్రం ఏనాడూ పంపలేదు. కొత్తగా చేరేవారికి నా సలహా ఒక్కటే: చిత్రం ఎలా ఉన్నా ఫరవాలేదు, ఫైలు పేరు మాత్రం జాగ్రత్త.

ఇక చిత్రం సంగతి. వేర్వేరు చోట్ల నేను తీసిన ఫొటోలను కంప్యూటర్‌లో ఒకటిగా అతికి చేసినది అది. పుష్కర్ ఘాట్ నుంచి సూర్యాస్తమయ వేళ విశాల దృశ్యాన్ని పట్టే 24 ఎంఎం లెన్సుతో తీసిన హేవలాక్ వంతెన దానికి ఆధారం. 1900లో రైళ్లకు తెరిచి 1997లో విరమింపజేసిన ఆ పాత వంతెన 56 ఖానాల్లో కొన్ని వెనక నుంచి వచ్చే నారింజ వెలుగులో నల్లటి గీతల్లా నిలబడ్డాయి. ముందువైపు నీటి మీద కార్తిక మాసంలో ఆడవాళ్లు వదిలిన దీపాలు పెట్టాను. కొల్లేరులో ఆటపాక దగ్గర పడవలోంచి తీసిన గూడబాతు ఒకటి వంతెన మీదుగా ఎగురుతుంది. దాని రెక్క చివరి ఈకలను ఒక్కొక్కటిగా మాస్క్ చేయడానికే, అంటే వెనక ఉన్న దృశ్యం నుంచి విడదీయడానికే, నాలుగు రాత్రులు పట్టింది. ఆకాశంలో మా మేడ మీద, దూరపు వస్తువును పెద్దగా చూపే 400 ఎంఎం లెన్సుతో తీసిన పున్నమి చంద్రుణ్ణి నిలిపి, చిత్రానికి ‘కార్తిక పున్నమి సాయంకాలం’ అని పేరు పెట్టాను. మొత్తం పదకొండు రాత్రుల పని.

తెర మీద చిత్రం పడగానే నా గుండె జారిపోయింది. ఇంట్లో నిప్పులా మండిన నారింజ అక్కడ నీళ్లు కలిపిన టీలా కనిపించింది. ప్రొజెక్టర్ పాతబడిందని పక్కవారితో కొంచెం గట్టిగానే అన్నాను. కంప్యూటర్ దగ్గర కూర్చున్న డిగ్రీ కుర్రాడు మర్యాదగా, “ప్రొజెక్టర్ బాగానే ఉందండి అంకుల్, మీ ఫైలు అడోబ్ ఆర్‌జీబీలో ఉంది, అందులో ప్రొఫైల్ కూడా లేదు” అని అందరికీ వినిపించేలా చెప్పాడు. అడోబ్ ఆర్‌జీబీ కూడా రంగుల కొలతే, కాకపోతే దాని పరిధి పెద్దది. ఫైలులోని అంకెలు ఏ కొలతవో చెప్పే చీటీ లాంటిది ప్రొఫైల్. అందులో రాసిన అంకెలను ఎస్‌ఆర్‌జీబీ అంకెలుగా చదివితే రంగులు వెలిసిపోతాయి. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఎస్‌ఆర్‌జీబీలోకి మార్చి, ప్రొఫైల్‌ను ఫైలులోనే ఉంచితే ఈ తిప్పలు ఉండవు. ఇంతకూ పాపం ఆ కుర్రాడే అక్కడికక్కడ సరిచేసి మళ్లీ చూపించాడు. అతనికి కృతజ్ఞతలు చెప్పడం ఇంకా బాకీ ఉంది.

రంగులు తిరిగి వచ్చాక వెనక వరుస నుంచి ఒకాయన, “ఇది ఫొటో ఏమిటండీ, అతుకుల బొంత” అన్నారు. ఇలాంటి మాట వస్తుందని ముందే ఊహించి సిద్ధపడి వచ్చాను. 1857లోనే ఆస్కార్ రేలాండర్ అనే ఆయన ముప్పైకి పైగా నెగెటివులను కలిపి ఒకే ప్రింటు తయారుచేశాడనీ, అలాంటి ప్రింటునే విక్టోరియా రాణి కొనుక్కుందనీ, అతుకు వేయడం ఫొటోగ్రఫీకి కొత్త కాదనీ లేచి నిలబడి చెప్పాను. హాలు నిశ్శబ్దమైంది. ఇద్దరు తలలూపారు. ఆ క్షణంలో కూర్చుని ఉంటే ఎంత బాగుండేది! నేను మాత్రం నిలబడే ఉండి, “ఇంకేమైనా సందేహాలున్నాయా?” అని అడిగాను.

ఆ రోజు చిత్రాలను విశ్లేషించడానికి వచ్చిన పెద్దాయన ఒకప్పుడు స్టూడియో నడిపినవారు, నెగెటివుల మీద పెన్సిల్‌తో రీటచింగ్ చేసి ఎందరో పెళ్లికూతుళ్ల మొహాలను నున్నగా చేసినవారు. ఆయన కళ్లజోడు సర్దుకుని, “ఘాట్ నుంచే తీశారు కదండీ?” అన్నారు. అవునన్నాను. “పడమటి ముఖంగానే కదండీ? అవతలిది కొవ్వూరే కదా?” మళ్లీ అవునన్నాను. “మరి సూర్యుడు మునిగిన చోటే చంద్రుడు లేచాడేమిటండీ?”

ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత మొదటి వరుస నుంచి మొదలైన నవ్వు చివరి కుర్చీ దాకా పోయింది. పున్నమి నాడు సూర్యుడు పడమట దిగుతుంటే చంద్రుడు తూర్పున, అంటే మా వీపుల వెనక, ఊరి మీద ఉదయిస్తాడు. పుట్టి పెరిగింది గోదావరి ఒడ్డునే, మేడ మీద చంద్రుణ్ణి తీసినప్పుడు కెమెరా ఎటు తిప్పానో కూడా నాకు గుర్తుంది. పదకొండు రాత్రులు ఈకలు లెక్కపెట్టినవాడికి దిక్కులు గుర్తుకు రాలేదు.

సృజనాత్మక చిత్రమే కదండీ అని గొణిగాను. ఆ మాటకు ఆయన ఇచ్చిన జవాబు నాకు ఇంకా మింగుడు పడటం లేదు గానీ, కాదనడానికీ లేదు. “ఇద్దరు చంద్రుల్ని పెట్టండి, నీళ్లలో పెట్టండి, నేనేమీ అనను. అది కల్పన అని చూసేవాడికి తెలుస్తుంది. మీరు మాత్రం నిజంగా జరిగిన సాయంకాలమని మమ్మల్ని నమ్మించబోయారు, అలాంటప్పుడు పంచాంగం చూసుకోవాలి కదండీ” అన్నారు. పైగా 24 ఎంఎం లెన్సుతో తీసిన చిత్రంలో చంద్రుడు అర డిగ్రీ మాత్రమే ఉంటాడనీ, ఈ కొలతలో అది పన్నెండు పిక్సెళ్లకు మించదనీ కంప్యూటర్ దగ్గరి కుర్రాడు లెక్క కట్టాడు. నేను పెట్టిన చంద్రుడు 216 పిక్సెళ్లు. అసలుకు పద్దెనిమిది రెట్లు! ఆ కుర్రాడికి కృతజ్ఞతలు బాకీ ఉండిపోవడానికి కారణం ఇదే.

ఆ రోజు మంచి చిత్రంగా ఎంపికైనది గోదావరి ఇసుక తిన్నె మీద నడుస్తున్న గొడుగు చిత్రం. గొడుగు కింద మనిషి లేడు, కాళ్లు మాత్రం ఉన్నాయి. అంతకన్నా కష్టపడి చేసింది నాదేనని ఇప్పటికీ అంటాను.

ఇంటికి వచ్చి జరిగినదంతా మా ఆవిడకు చెబితే ఆమె నవ్వలేదు. “కార్తిక పున్నమి తెల్లవారుజామున నాతో స్నానానికి ఒక్కసారైనా వచ్చారా? వచ్చి ఉంటే తెలిసేది. ఆ వేళకు చంద్రుడు కొవ్వూరు మీదే ఉంటాడు, దీపాలూ అప్పుడే వదులుతాం” అంది.

నిన్న రాత్రి ఫైలు మళ్లీ తెరిచాను. సూర్యుణ్ణి తీసేసి, నారింజను నీలంలోకి దించి, పేరులోని సాయంకాలాన్ని తెల్లవారుజాముగా మార్చాను. చంద్రుణ్ణి మాత్రం నలభై పిక్సెళ్ల దగ్గర ఆపాను, పన్నెండుకు తగ్గించి చూస్తే కెమెరా సెన్సర్ మీద పడిన దుమ్ములా ఉంది.