126 కుట్లు

ఆదివారం. రాత్రి రుబ్బిన ఇడ్లీ పిండి పొంగి గట్టంతా పారింది. అది తుడిచి, టిఫిన్లు చేసి, బట్టలు ఆరేసి, వంకాయ కూర పొయ్యి దించేసరికి ఒంటిగంట. మూడింటికి అందరూ నిద్రపోయాక బాల్కనీలో కూర్చుని, నేను అల్లుతున్న లేసు కాలర్ బయటికి తీశాను.

సన్నటి తెల్ల నూలుదారం, రెండు సూదులు, 126 కుట్లు. స్కాట్లాండ్ పైనున్న షెట్లాండ్ దీవుల వాళ్ళ పాత అల్లిక ఇది, అలలు అలలుగా వస్తుంది. 18 కుట్లకి ఒక అల. ప్రతి నాలుగు వరసల్లో మూడు మామూలే, టీవీ చూస్తూ అల్లేయొచ్చు. మిగిలిన ఆ ఒక్క వరసలోనే ఉంది పనంతా. అలకి ఆరుసార్లు రెండేసి కుట్లు కలిపి ఒకటి చేయాలి, ఆరుసార్లు దారాన్ని ఊరికే సూది మీదుగా వేయాలి. అలా వేసిన చోటే చిల్లు పడుతుంది. పోయినన్ని కుట్లూ మళ్ళీ వస్తాయి కాబట్టి లెక్క తప్పకూడదు. ఇవాళ లెక్కపెడితే 125. మళ్ళీ పెట్టాను. 125.

మొదట్లో అయితే టెన్షన్ పడి మొత్తం విప్పేసేదాన్ని. ఇప్పుడు వేలితో తడుముకుంటూ వెళ్ళాను. నాలుగో అలలో చిల్లు ఉండాల్సిన చోట దారం అడ్డంగా బిగుసుకుని ఉంది. దాన్నే సూదిమొనతో లేపి కుట్టు చేశాను. పక్కవాటికన్నా కాస్త ఇరుకుగా ఉంది. ఉండనీ.

అక్కడి అన్‌స్ట్ దీవిలో పెళ్ళి ఉంగరంలోంచి దూరిపోయేంత పల్చటి శాలువాలు అల్లేవారట. నాకంత ఓపిక లేదు, హైదరాబాదులో అంత చలీ లేదు. నేను మొదలుపెట్టిన పెద్ద శాలువా రెండేళ్ళుగా అటక మీదుంది. కాలర్ అలా కాదు, హ్యాండ్‌బ్యాగులో పడుంటుంది, మూడు ఆదివారాల్లో అయిపోతుంది, పాత కుర్తీ మీద వేస్తే కొత్తది కొన్నావా అంటారు. భుజాల వరకు వచ్చే చిన్న శాలువా ఒకటి కూడా అల్లాలి, ఆఫీసు ఏసీకి.

నాలుగున్నరకి అమ్మ వీడియో కాల్. "అంత చిన్నదేంటే, బొమ్మకా?" అంది. తర్వాత దగ్గరగా చూపించమని, అమ్మమ్మ సంగతి ఎత్తింది.

అమ్మమ్మది నరసాపురం పక్క ఊరు. అక్కడి లేసు కొక్కెం సూదితో అల్లేది, నా రెండు సూదుల పని కాదు. 1844 ప్రాంతంలో స్కాట్లాండ్ మిషనరీలే తెచ్చారంటారు దాన్ని. 2024లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకు అని ఇచ్చే ప్రభుత్వ ముద్ర, కూడా వచ్చింది. అమ్మమ్మకి మాత్రం అది ఏజెంటు దారం ఇచ్చి, అల్లింది పట్టుకెళ్ళే కూలి పని. ఆవిడ చేసేది చేతిపని, అంటే విడి పువ్వులు. వాటిని కలిపే అతుకుపని వేరేవాళ్ళది. ఎన్ని వేల పువ్వులు అల్లిందో గానీ, అవి కలిసి కాలర్ అయ్యాయో, టేబుల్ క్లాత్ అయ్యాయో ఆవిడ చూడలేదు. ఇంట్లో మిగిలింది ఒక్క పువ్వు. మరక పడిందని ఏజెంటు వెనక్కిచ్చేసింది.

"ట్రంకు పెట్టెలో ఉంది, పంపనా?" అంది అమ్మ. కొరియర్ వద్దు, నేనే వచ్చి తెచ్చుకుంటానన్నాను.

చీకటి పడేలోపు చివరి వరస ముగించాను. సూది మీంచి తీస్తే నలిగిన పీలికలా ఉంది, ఎప్పుడూ అంతే. నీళ్ళలో నానబెట్టి, తువ్వాల్లో ఒత్తి, పరుపు మీద పరిచి, ఒక్కో అల కొసా లాగి గుండుసూది గుచ్చుతూ వచ్చాను. చిల్లులన్నీ కళ్ళు తెరిచాయి. ఆ ఇరుకుది ఏదో నాకే వెంటనే తెలియలేదు.

తెల్లారేదాకా కదపకూడదు. ఆయన దిండు తీసుకుని హాల్లోకి వెళ్ళారు.