మ్యాజిక్ కత్తి చేతికొస్తే క్యారెక్టర్ నిజంగా ఎంత పెరుగుతుంది?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డైస్ వేస్తూ, ఒక్కొక్కరూ ఒక క్యారెక్టర్‌గా ఆడే కథల ఆట) ఆడేవాళ్ళు నలుగురు కలిస్తే ఈ గొడవ రాక మానదు, మ్యాజిక్ ఐటమ్స్ వల్ల బలం ఎంత మారుతుంది అని. నన్నడిగితే ముందు మీరు ఆడుతున్న ఎడిషన్ (రూల్స్ వెర్షన్) ఏంటో చూడాలి, ఆ ఐటమ్‌ని రూల్స్ ముందే లెక్కలో కలిపేసుకున్నాయా లేదా అన్నదాని మీదే అంతా ఉంది.

2003లో వచ్చిన 3.5 ఎడిషన్‌నే తీసుకోండి. లెవెల్ 10 క్యారెక్టర్ దగ్గర 49,000 గోల్డ్ విలువ చేసే సామాను ఉండాలని టేబుల్ వేసి మరీ చెప్పారు, లెవెల్ 20కి అది 7,60,000. కత్తికి ప్లస్ 1 మ్యాజిక్ పెట్టించడానికి 2,000, ప్లస్ 5 అయితే 50,000. రాక్షసుల నంబర్లు కూడా ఈ సామాను ఉందనుకునే రాశారు, అంటే అక్కడ ఐటమ్ అంటే బోనస్ కాదు, నెల జీతం. ఇవ్వకపోతే ఫైటర్ (ఆయుధంతో పోరాడే క్యారెక్టర్) నలిగిపోతాడు, మామూలు కత్తితో దెయ్యాన్ని కనీసం గీరలేడు కూడా. విజార్డ్‌కి మాత్రం అంత దెబ్బ ఉండదు, స్పెల్స్ ఉన్నాయి కదా. "మా గేమ్‌లో మ్యాజిక్ తక్కువ" అని డీఎం (ఆట నడిపించే డంజన్ మాస్టర్) గొప్పగా చెప్పినప్పుడల్లా నాకు ఫైటర్ ఆడేవాళ్ళ మీదే జాలేస్తుంది, శిక్ష పడేది వాళ్ళకే.

2014లో ఐదో ఎడిషన్ వచ్చాక మ్యాజిక్ ఐటమ్స్ లేకపోయినా ఆట నడిచేలా లెక్క మార్చారు, అటాక్ నంబర్లు, ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే కొట్టేవాడు అందుకోవాల్సిన నంబర్) మరీ పెరిగిపోకుండా పట్టి ఉంచారు. అందుకే ఇక్కడ చిన్న ప్లస్ కూడా గట్టిగా పనిచేస్తుంది. ప్లేట్ ఆర్మర్, షీల్డ్ ఉన్న ఫైటర్ ఆర్మర్ క్లాస్ 20, ప్లస్ 5తో కొట్టే ఓర్క్ అనే రాక్షసుడికి 20 ముఖాల డైస్ మీద 15 లేదా అంతకంటే ఎక్కువ రావాలి, అంటే 30 శాతం ఛాన్స్. అదే ఫైటర్‌కి ప్లస్ 1 ప్లేట్, ప్లస్ 1 షీల్డ్, ఒక రింగ్ ఆఫ్ ప్రొటెక్షన్ ఇచ్చారనుకోండి, 23 అవుతుంది, ఓర్క్‌కి 18 పడాలి, ఛాన్స్ 15 శాతానికి వచ్చేస్తుంది, అంటే తగిలే దెబ్బలు సగం! పైగా ఈ మూడింట్లో అట్యూన్‌మెంట్ (ఐటమ్‌ని తనతో ముడిపెట్టుకోవడం, ఒకేసారి మూడింటికే కుదురుతుంది) కావాల్సింది రింగ్‌కి ఒక్కదానికే, అంటే మూడు ఐటమ్స్ లిమిట్‌లో ఇంకా రెండు ఖాళీ.

గాంట్లెట్స్ ఆఫ్ ఓగర్ పవర్ అనే గ్లవ్స్ ఇంకో లెవెల్. స్ట్రెంగ్త్ (బలం స్కోరు) 8 ఉన్న క్లెరిక్ (దేవుడి శక్తితో మంత్రాలు వేసే క్యారెక్టర్) వేసుకుంటే నేరుగా 19. ఆ 2014 రూల్స్‌లో క్లెరిక్‌కి 20 లెవెల్స్‌లో ఎబిలిటీ పెంచుకునే ఛాన్స్ ఐదుసార్లే వస్తుంది, ఐదూ స్ట్రెంగ్త్‌లోనే పోసినా 18 దగ్గర ఆగిపోతాడు, అన్‌కామన్ (మరీ అరుదు కాని) గ్లవ్స్ దాన్ని దాటేశాయి. అదే గ్లవ్స్ స్ట్రెంగ్త్ 20 ఉన్న బార్బేరియన్‌కి ఇస్తే సున్నా లాభం.

అందుకే డీఎంలకి నేను చెప్పేది, ఐటమ్ ఇచ్చేముందు పార్టీలో ఎవరు ఏం చేయలేకపోతున్నారో చూడండి. డ్రాగన్ పైకెగిరిపోతే ఫైటర్ కింద నిలబడి చూస్తుంటాడు, వాడికి కావాల్సింది ప్లస్ 2 కత్తి కాదు, ఎగరనిచ్చే వింగ్డ్ బూట్స్.